డిసెంబరులో బిర్యానీ, జూన్‌లో బియ్యం

కడప

ఏమబ్బా బావా, ప్రభువు నామంలో వందనాలు.

ఆశ్రమం పిల్లల కోసం మీ టీము చందాలు ఎత్తబోతోందని రాసినావు. మంచిపనే. అయితే డిసెంబరులో ఎంత వస్తుందో తర్వాత, జూన్‌లో ఏం కావాల్నో ముందు చూడు. క్రిస్మస్ రోజుల్లో కేకులు, దుప్పట్లు, బిర్యానీ ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. ఒకే సాయంత్రం రెండు చోట్ల నుంచి బిర్యానీ వస్తే ఒక గంగాళం పారబోసుడే. జూన్‌లో బడి తెరిచేసరికి నోటుబుక్కులు, బ్యాగులు, చెప్పులు ఒక్కసారే మీద పడతాయి. సంఘంలో రైతుల చేతిలో అప్పుడు విత్తనాలకే డబ్బుండదు, నిన్నేం చూస్తారు?

అందుకే ముందు వార్డెన్ దగ్గర కూర్చుని లెక్క రాసుకో. 30 మంది పిల్లలు, మధ్యాహ్నం గవర్నమెంటు బడిలో తింటారనుకో. పొద్దున, రాత్రికి కలిపి తలకు 300 గ్రాముల బియ్యం, నెలకు 270 కిలోలు. 25 కిలోల మూటలు పదకొండు. ఆదివారాలకు, సెలవులకు ఇంకొకటి. కందిపప్పు తలకు 50 గ్రాముల లెక్కన 45 కిలోలు, నూనె 18 కిలోలు. ఇప్పుడు మూటకొకటి చొప్పున పన్నెండు నెలలకు 144 కూపన్లు కొట్టించు, ఒక్కో కూపన్ మీద నెల పేరు వెయ్యి. "సాయం చెయ్యండి" అంటే వంద చేతిలో పెట్టి పంపేవాళ్లే, "ఆగస్టు నెల ఒక మూట మీ ఇంటి పేరున" అంటే మూట ధర ఇస్తారు. ఆ డబ్బు బ్యాంకులో ఉంచి నెలనెలా కొను. అంతా ఒకేసారి దించుకుంటే కొత్త బియ్యం ముద్దవుతాయి, ఎండలు ముదిరేసరికి ముక్కపురుగు పడుతుంది.

పిడికెడు బియ్యం డబ్బాలు ఇంటింటికీ ఇస్తామన్నావు గదా. ఇయ్యి, కానీ ఆ బియ్యం అన్నానికి పెట్టొద్దు. నలభై ఇండ్లవి కలిస్తే సోనామసూరి మెత్తబడేటప్పటికి దొడ్డుబియ్యం పలుకుగానే ఉంటాయి. నూక పట్టించి రాగిసంగటిలోకి వాడమను.

చర్చిలో కోత పండుగ వేలంలో గుమ్మడికాయ రెండువేలు పలికితే చప్పట్లు మోగుతాయి, డబ్బు మాత్రం తర్వాత రాదు. పాట ఆగిన నిమిషమే పేరు, మొత్తం రాసి సంతకం తీసుకో, వచ్చే ఆదివారానికి వసూలు కావాల. రేషన్ బియ్యం వేలానికి పెట్టనీయొద్దు, నిత్యావసర సరుకుల చట్టం కింద 6ఏ కేసు మెడకు చుట్టుకుంటుంది.

కువైట్ డబ్బు గురించి అడిగినావు. మన పాస్‌పోర్టుతో అక్కడ పని చేసేవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకో. అమెరికా పౌరసత్వం తీసుకున్న చిన్నాయన పంపితే మాత్రం విదేశీ విరాళమే. ఆశ్రమానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాల, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాల. నీ ఖాతాలో వేయించుకుని ఇచ్చే తెలివి చూపించొద్దు సామీ. ఫోన్‌పే స్కానర్ కూడా ట్రస్టు పేరునే ఉండాల. ఇంటింటికీ క్రిస్మస్ పాటలు (కేరల్స్) పాడను పోయిన రాత్రి వచ్చిన చిల్లర ఆ రాత్రే ముగ్గురు లెక్కపెట్టి, రశీదు నంబర్లతో సరిచూసి సంతకాలు పెట్టాల. తెల్లారితే ఎవరి లెక్క వాళ్లది.

వీటన్నిటికంటే ముందు బాలల న్యాయ చట్టం (జేజే చట్టం) 2015, 41వ సెక్షన్ కింద ఆశ్రమం రిజిస్ట్రేషన్ కాగితం అడుగు. అది ఐదేళ్లకే, తేదీ చూడు. గడువు దాటి ఉంటే రెన్యువల్ అయ్యేదాకా ఆగండి.

బ్యానర్ మీద పిల్లల మొహాలు, పేర్లు వెయ్యొద్దు. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో. "అనాథ" అనే మాట కూడా తీసెయ్. వాళ్లలో చాలామందికి అమ్మో నాయనో ఉంటారు, పేదరికం వల్ల అక్కడికి వచ్చినోళ్లు. బడిలో తోటి పిల్లలు ఆ బ్యానర్ చదువుతారు గదా. మూటలు, నోటుబుక్కులు ఫొటో తీసి వెయ్యి, చాలు.

కూపన్ అచ్చుకిచ్చే ముందు నమూనా ఒకటి నాకు వాట్సాప్‌లో పంపు.

నీ బావ