ఓటీ తాళాలు తీసుకున్న అక్కకు

ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మేల్ నర్సుని. మళ్లీ డ్యూటీలో చేరి మొన్న సోమవారానికి మూడు నెలలైంది.

నడుం నొప్పితో మొదలైంది. ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో వరస నైట్ డ్యూటీలు, ఓ రాత్రి నాకు నేనే పెంటాజోసిన్ అనే మత్తు రకం నొప్పి ఇంజెక్షన్ చేసుకున్నాను. నొప్పి తగ్గాక కూడా మానలేదు. మందు గుణం తెలిసినవాణ్ని, నాకేం కాదులే అనుకోవడమే కొంప ముంచింది. పేషెంట్‌కి వాడగా మిగిలింది పారేశానని రిజిస్టర్‌లో రాసి, దాచుకునేవాణ్ని. అసలు పేషెంట్‌కే తక్కువ ఇచ్చిన రాత్రి ఒకటుంది. ఆయన మూలుగు ఇంకా వినపడుతుంది.

పట్టుకున్నది మా హెడ్ సిస్టర్. అక్క అనే పిలుస్తాను. రోహిణి కార్తె ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఏందా అని అనుమానమొచ్చి యాంపూల్స్ (ఇంజెక్షన్ మందు గాజు బుడ్డీలు) లెక్క చూశారట. "ఏంది తమ్ముడూ, చేతులు చూపించు" అన్నారు. తాళాలు తీసుకుని, మేనేజ్‌మెంట్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ రోజు ఎంత కోపమొచ్చిందో! తెల్లారి బస్సులో నెల్లూరు తీసుకెళ్లి మత్తు మాన్పించే వార్డులో చేర్పించిందీ ఆవిడే.

ఒంట్లోంచి ఆ మందు పూర్తిగా పోయాక నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టారు. ఇది వేసుకుంటే ఇంజెక్షన్ చేసుకున్నా మత్తెక్కదు. మా ఆవిడ పొద్దున్నే కాఫీకి ముందు మాత్ర చేతిలో పెట్టి, మింగిందాకా కదలదు. యాక్సిడెంటైతే మత్తు రకం నొప్పి ఇంజెక్షన్లు సరిగ్గా పనిచేయవు కాబట్టి జేబులో చీటీ పెట్టుకుని తిరుగుతున్నాను.

ఇప్పుడు ఓపీలో వేశారు. చెప్పకుండా యూరిన్ టెస్ట్ చేస్తారు, ఒప్పుకునే చేరాను. మత్తు ఇంజెక్షన్ ఏది తీసినా ఇద్దరు సంతకం పెట్టాలని అక్క కొత్త రూలు తెచ్చారు. నా ఒక్కడి కోసమైతే వేలెత్తి చూపినట్టుంటుందని డాక్టర్లతో సహా అందరికీ పెట్టారు. ఇది నేను వచ్చాక వేరేవాళ్లు చెబితే తెలిసింది. మా ఆయమ్మ అంతా తెలిసీ మొదటి రోజు టీ తెచ్చిచ్చి, "చిక్కిపోయావేందయ్యా" అంది, అంతే.

మన ఫీల్డ్‌లో ఎవరైనా నాలాగే రిజిస్టర్‌లో అబద్ధాలు రాస్తుంటే మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు.

అక్క ఫేస్‌బుక్ చూడరు, వాళ్లమ్మాయి చూపిస్తుందేమో. అక్కా, ఓటీ తాళాలు నేను అడగను. మీ దగ్గరే ఉంచండి.