పతకం రాకముందే గాయపడితే?

సంపాదకుడు గారికి,

ఆటల్లో దెబ్బతిన్న పిల్లల ప్రస్తావన వస్తే చాలు, అందరూ బ్యాడ్మింటన్ ఆటగాడు గోపీచంద్ పేరే చెబుతారు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంటు తెగినా, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి వచ్చారు. అది మనందరికీ గర్వకారణమే. అయితే అదే గోపీచంద్ 2025లో, స్తోమత లేని ఇళ్ల పిల్లలు ఆటనే నమ్ముకోవద్దని బాహాటంగా చెప్పారు. ఆయనంతటి వారు ఆ మాట అన్నారంటే ప్రభుత్వాలు ఉలిక్కిపడాలి.

మా విజయనగరం జిల్లాలో వెయిట్‌లిఫ్టింగ్‌కు పెద్ద పేరుంది. కొండవెలగాడ అనే ఒక్క ఊరి నుంచే ఎందరో జాతీయ స్థాయికి వెళ్లారు. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు మా దగ్గర సాధన చేసిన ఒక కూలీల బిడ్డ రాష్ట్ర జట్టుకు ఎంపికైంది. జాతీయ పోటీలకు వెళ్లకముందే, స్నాచ్‌లో, అంటే బరువుల బార్‌ను ఒకే ఊపున తలమీదికి లేపుతుండగా, మోచెయ్యి కీలు తప్పింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. హాస్టల్ సీటు పోయింది. క్యాంపుల వల్ల క్లాసులు పోయి ఇంటర్ తప్పింది. జాతీయ సర్టిఫికెట్టే చేతికి రానప్పుడు ఇక స్పోర్ట్స్ కోటా మాటెక్కడిది? పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ‘చెయ్యి ఒకసారి పూర్తిగా చాపమ్మా’ అన్నారట. ఆ మాట తల్లి నాకు చెప్పి ఏడ్చింది.

ఆ అమ్మాయి ఇప్పుడు బట్టల షాపులో పనిచేస్తోంది. సెలవు రోజున మాత్రం జిమ్‌కు వచ్చి చిన్నపిల్లల పట్టు సరిచేస్తుంది. బార్ నేల మీంచి లేస్తుండగానే, నడుం ఎక్కడ వంగుతోందో చెప్పేస్తుంది. ఇంత తెలిసిన మనిషిని కోచ్‌గా తయారుచేసుకోలేమా? పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేయాలంటే ముందు డిగ్రీ కావాలి. ఆమె చదువు ఇంటర్ దగ్గరే ఆగింది.

రిటైరైన క్రీడాకారులకు శిక్షణ ఇవ్వడానికి కేంద్రం 2024 జాతీయ క్రీడా దినోత్సవం నాడు ‘రీసెట్’ పథకం తెచ్చింది. మంచి పనే. కానీ అది 20 నుంచి 50 ఏళ్ల వారికి. పదిహేడేళ్లకే ఆట ఆగిపోయిన పిల్ల అప్పటిదాకా ఏం చేయాలి? చదువు మీద ధ్యాస చెదిరిపోయేది సరిగ్గా ఆ మూడేళ్లలోనే.

పతకాలు తెచ్చినవారికి నజరానాలు ఇవ్వండి, కాదనను. దాంతోపాటు, దెబ్బతిన్న పిల్లలకు జిల్లా క్రీడాప్రాధికార సంస్థల్లో సహాయ శిక్షకులుగా గౌరవ వేతనం ఇచ్చి, ఓపెన్ స్కూల్లో చదివించండి. రాష్ట్ర జట్టులో పేరు వచ్చిన రోజు నుంచే ప్రతి బిడ్డకూ ప్రమాద బీమా ఉండాలి. గాయపడినా చదువు పూర్తయ్యేదాకా హాస్టల్ సీటు తీసేయకూడదు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా రాష్ట్ర క్రీడాప్రాధికార సంస్థ (శాప్) ఈ మేరకు ఉత్తర్వు ఇప్పించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయనగరం