చరిత్ర అధ్యయన బృందం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

న్యూజెర్సీలో స్థిరపడి ఇక్కడే ఓటు వేస్తున్న మనం, ఈ రాష్ట్రంలో తొలినాటి స్థానిక ఎన్నికలు ఎలా జరిగేవో తెలుసుకోవాలన్న ఉద్దేశంతో ఈ ఏడాది బృందం సమావేశాలన్నిటినీ ఆ ఒక్క అంశానికే కేటాయించాం.

మొదట 1776 నాటి రాష్ట్ర రాజ్యాంగాన్ని చదివాం. 50 పౌండ్ల ఆస్తి ఉండి, ఏడాదిగా కౌంటీలో నివసిస్తున్న వయోజనులందరికీ అది ఓటు హక్కు ఇచ్చింది. స్త్రీలనూ నల్లజాతివారినీ మినహాయించలేదు. అయితే పెళ్లయిన స్త్రీ ఆస్తిపై అధికారం చట్టప్రకారం భర్తదే కాబట్టి, ఆచరణలో ఆ హక్కు వితంతువులకూ అవివాహితలకూ మాత్రమే దక్కింది. మాంట్‌గోమరీ టౌన్‌షిప్‌లో 1801లో ఓటు వేసినవారి జాబితాలోని 343 పేర్లలో కనీసం 46 స్త్రీలవని తెలిసినప్పుడు, ఆ ఊళ్లోనే ఉంటున్న మన సభ్యులు ఆ అంకెను మరోసారి చదివించుకున్నారు.

ఎక్కువ చర్చ జరిగింది మాత్రం ఎసెక్స్ కౌంటీ గురించే. 1797లో ఎలిజబెత్‌టౌన్‌కు చెందిన ఫెడరలిస్టు పార్టీ అభ్యర్థి విలియం క్రేన్, న్యూఅర్క్‌కు చెందిన రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి జాన్ కాండిక్ట్ రాష్ట్ర చట్టసభ స్థానానికి తలపడ్డారు. (ఆనాటి రిపబ్లికన్ పార్టీ థామస్ జెఫర్సన్‌ది, నేటి రిపబ్లికన్ పార్టీతో దానికి సంబంధం లేదు.) క్రేన్ వర్గం మహిళలను పోలింగుకు తీసుకొచ్చినా స్వల్ప ఆధిక్యంతో కాండిక్టే గెలిచాడు. పదేళ్ల తర్వాత, 1807 ఫిబ్రవరిలో, కౌంటీ కోర్టు భవనం ఏ ఊళ్లో కట్టాలన్న ఓటింగులో ఇవే రెండు ఊళ్లు మళ్లీ ఢీకొన్నాయి. కుర్రాళ్లు ఓటు వేశారనీ, మగవాళ్లు ఆడవేషం కట్టి మళ్లీమళ్లీ వచ్చారనీ ఆరోపణలు వచ్చాయి. అర్హులైన ఓటర్లకంటే పడిన ఓట్లే ఎక్కువ కావడంతో ఫలితం చెల్లకుండా పోయింది. ఆ ఏడాది నవంబరులో చట్టసభ ఓటును పన్ను కట్టే శ్వేతజాతి పురుషులకే పరిమితం చేసింది. దొంగ ఓట్లకు దిగింది రెండు ఊళ్లవాళ్లూ అయితే, హక్కు పోయింది మాత్రం స్త్రీలకూ నల్లజాతివారికీ! ఇక్కడి స్త్రీలకు ఓటు మళ్లీ వచ్చింది 1920లోనే.

ఈ చర్చ చివరికి మన సంఘం నియమావళి మీదికి మళ్లింది. కుటుంబ సభ్యత్వానికి ఒకే ఓటు అన్న నిబంధన వల్ల మన ఎన్నికల్లో సాధారణంగా భర్తలే ఓటు వేస్తున్నారని కొందరు సోదరీమణులు గుర్తు చేశారు. భార్యాభర్తలిద్దరికీ వేర్వేరు ఓట్లు ఇవ్వాలన్న సవరణ ప్రతిపాదనను కార్యవర్గం స్వీకరించింది; రానున్న సర్వసభ్య సమావేశంలో దానిని మీ ఆమోదానికి ఉంచుతాం.