తుపాకీ వెనుక మరను ఆర్మరర్‌ చేత చూపించండి

సంపాదకులకు,

ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్లలో అప్పగించడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన తంతే. రైతు తెచ్చి ఇస్తాడు, రసీదు తీసుకుంటాడు, ఎన్నికలు ముగిశాక వెనక్కి పట్టుకుపోతాడు. అన్ని వారాలూ ఆ తుపాకీ స్టేషన్‌లో ఊరికే పడి ఉంటుంది. ఆ వ్యవధిలో జిల్లా సాయుధ దళంలో ఆయుధాలు సరిచూసే ఆర్మరర్ చేత ఒక్కో తుపాకీ వెనుక భాగాన్ని పరీక్ష చేయించాలని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ముఖ్యంగా మూతిలోంచి మందు దట్టించే పాత తుపాకులను విడిచిపెట్టవద్దు.

నేను జూట్ మిల్లు వర్క్‌షాపులో టర్నర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బొబ్బిలిలో ఇంటి ముందు చిన్న లేతు పెట్టుకుని నీళ్ల మోటార్ల షాఫ్టులు, ట్రాక్టర్ల పిన్నులు చేస్తుంటాను. తుపాకులు నా వృత్తి కాదు. కానీ లేతు ఉన్నచోటికి అన్నీ వస్తాయి. మొక్కజొన్న, చెరకు చేలమీద అడవిపందులు పడే ఊళ్లనుంచి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు తాతలనాటి తుపాకీని గోనెసంచిలో చుట్టి తెస్తారు. “వెనుక మర వదులైంది మేస్త్రీ గారూ, కాస్త బిగించి పెట్టండి” అంటారు. నేను ముట్టను. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీకే కాదు, రిపేరుకు కూడా లైసెన్సు ఉండాలి. ఆ నిబంధన లేకపోయినా ముట్టను. ఆ మర సంగతి తెలిసినవాడిని కనుక.

ఈ తుపాకీ గొట్టం అసలు రెండువైపులా తెరిచి ఉన్న గొట్టమే. వెనుక చివర లోపలివైపు మరలు తీసి, ఉక్కు బిరడాను బిగించి మూస్తారు. దాన్నే బ్రీచ్ ప్లగ్ అంటారు. కాల్చేవాడి ముఖానికి అతి దగ్గరగా ఉండే భాగం అదే. మందు అంటుకున్నప్పుడు గుండును ముందుకు తోసే ఒత్తిడి అంతే బలంగా ఆ బిరడాను వెనక్కి తోస్తుంది. మరలు దాన్ని పట్టి ఉంచుతాయి. పొగను, వేడి వాయువును ఆపేది మాత్రం మరలు కాదు, బిరడా ముఖం. గొట్టం లోపల మరలు ఆగిపోయే చోట ఒక మెట్టు ఉంటుంది. బిరడా ముఖం ఆ మెట్టుకు చుట్టూ సమంగా, వెలుగు దూరనంత గట్టిగా ఆనాలి. తెలిసిన పనివాడు బిరడా ముఖానికి మసి గానీ నీలం గానీ పూసి బిగిస్తాడు, విప్పి అచ్చు ఎక్కడ పడిందో చూస్తాడు, పడనిచోట ఆకురాయి ఆడిస్తాడు. అలా ఎన్నిమార్లు చేయాలో ముందుగా చెప్పలేం. పైగా పూర్తిగా బిగిసేసరికి బిరడా తోక (గొట్టాన్ని కర్రకు బిగించే పట్టీ) సరిగ్గా గొట్టం పైభాగానికి నేరుగా రావాలి. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ అరగదీస్తే తోక పక్కకు తిరిగిపోతుంది. ఇంత ఓపిక కోరే ఫిట్టింగు పని మా వృత్తిలోనే తక్కువ.

ఇది తేలికైన పని కాదని చరిత్ర కూడా చెబుతుంది. 1543లో పోర్చుగీసువారి తుపాకులు జపాన్‌లోని తనెగషిమా దీవికి చేరాయి. అక్కడి కమ్మరులు కత్తులు చేయడంలో ఆరితేరినవారు. గొట్టాన్ని చూసి గొట్టం చేయగలిగారు గాని, వెనుక చివరను మూసే మర మాత్రం వారికి అంతుపట్టలేదట. ఆ తర్వాత మరో పోర్చుగీసు ఓడలో వచ్చిన పనివాడి దగ్గర నేర్చుకున్నారని అక్కడ చెప్పుకుంటారు.

అంతటి పనిని మన దగ్గర వెల్డింగ్ రాడ్డుతో పూర్తి చేస్తున్నారు. ఒక షాపులో అలా చేసిన తుపాకీని నేను కళ్లారా చూశాను. మరలు అరిగిపోయాయని బిరడా చుట్టూ వెల్డింగ్ పూత పోసి, పైన గ్రైండింగ్ పట్టి, నల్లరంగు వేశారు. బయటికి చూస్తే కొత్తదానిలా ఉంది. లోపల బిరడాకూ మెట్టుకూ మధ్య సందు అలాగే ఉంది. ఈ తుపాకుల్లో దట్టించే నల్లమందులో (గన్‌పౌడర్‌లో) సూరేకారం దాదాపు ముప్పాతిక వంతు, మిగిలింది బొగ్గు, గంధకం. అది కాలగా మిగిలే మసి గాలిలోని తేమను లాక్కుంటుంది. మన కోస్తా గాలిలో తేమకు కొదవేముంది? ఆ సందులో మసి చేరి, తుప్పు పట్టి, మరలను లోపలినుంచి తినేస్తుంది. వెల్డింగ్ చేశాక బిరడా విప్పి శుభ్రం చేసే దారి కూడా ఉండదు. వేడికి పాత ఇనుములో పుట్టిన పగులు పైకి కనబడదు. పాత గొట్టాలు చాలావరకు ఇనుప పట్టీలను చుట్టి కాల్చి అతికించినవి, వాటి అతుకు మీద మళ్లీ అంత వేడి పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఇంకో భయం ఉంది, దీన్ని చదువరులు దయచేసి గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఏళ్ల తరబడి గోడకు వేలాడే తుపాకీలో మందు, గుండు దట్టించి మరచిపోయిన సందర్భాలు ఉంటాయి. నల్లమందు పొడిగా ఉంటే ఎంతకాలమైనా పనిచేస్తుంది. దట్టించే కడ్డీని లోపలికి నెమ్మదిగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, అదే కడ్డీని గొట్టం పక్కన ఆనించి చూస్తే కడ్డీ కొస రంజకం రంధ్రం (లోపలి మందుకు నిప్పు అందించే రంధ్రం) దాకా వచ్చిందో లేదో తెలుస్తుంది. రాకపోతే లోపల ఏదో ఉన్నట్టే. మూతిని మనుషులవైపు, మన వైపు తిప్పకుండా చూడాలి. లోపల ఏదైనా ఉందని తోస్తే కదపకుండా స్టేషన్‌కు కబురు చేయాలి. అలాంటిదాన్ని వెల్డింగ్ షాపులో బల్లమీద పెడితే ఏమవుతుందో తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంగ్లండులో లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసులు ప్రతి గొట్టాన్నీ మామూలుకన్నా ఎక్కువ మందుతో కాల్చి, తట్టుకున్నదానికే ముద్ర వేస్తాయి. బర్మింగ్‌హామ్‌లో ఈ ఏర్పాటు 1813 నుంచి ఉంది. మన పాత తుపాకుల మీద ఆ ముద్రలు కనిపిస్తే యజమానులు గర్వంగా చూపిస్తారు. బిరడా మార్చినా, వెల్డింగ్ చేసినా ఆ ముద్రకు ఇక విలువ లేదని వారికి ఎవరూ చెప్పరు. లైసెన్సు రెన్యువల్‌కు వెళ్లినప్పుడు నంబరు సరిపోయిందా లేదా అన్నదే చూశారని నా దగ్గరికి వచ్చినవారు చెబుతుంటారు. రెన్యువల్ గడువు ఇప్పుడు ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో మర ఎంత తుప్పు పట్టిందో ఎవరికి తెలుసు?

పంటల రక్షణకు మూతిమందు తుపాకీ లైసెన్సు ఇవ్వడానికి ఆయుధాల చట్టంలోనే వీలుంది. అంటే ఈ తుపాకులు ప్రభుత్వానికి తెలియనివి కావు, రిజిస్టర్లలో ఉన్నవే. (అడవి జంతువును చంపడానికి 1972 వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలన్నది వేరే సంగతి. అది కూడా రైతులకు సరిగ్గా చెప్పాలి.) స్టేషన్‌లో ఉన్న రోజుల్లో ఆర్మరర్ వచ్చి మర వదులుందా, వెల్డింగ్ గుర్తులున్నాయా, రంజకం రంధ్రం పెద్దదైపోయిందా, లోపల మందు ఉందా అని చూడాలి. పనికిరానిదైతే రసీదు మీదే ఎర్ర సిరాతో రాయాలి. అలాంటి తుపాకీని రైతు అప్పగించేస్తే కేసులు పెట్టి తిప్పకుండా తీసుకోవాలి, లేకపోతే ఎవరూ ముందుకు రారు. బాగు చేయించుకోదగ్గదైతే రిపేరు లైసెన్సు ఉన్నవారి చిరునామా ఆ స్టేషన్ గోడ మీద తెలుగులో రాసి ఉంచాలి. ఆ చిరునామా తెలియకనే కదా రైతు గోనెసంచితో నా గుమ్మం ఎక్కుతున్నాడు!

ఇట్లు,
ఒక రిటైర్డ్ టర్నర్,
బొబ్బిలి, విజయనగరం జిల్లా