కనపడని వర్డ్, చూడని స్క్రిప్టు

ఎడిటర్ గారికి,

ఒక ఫోల్డర్‌లో ఉన్న వర్డ్ ఫైళ్లన్నీ స్క్రిప్టుతో, అంటే కంప్యూటర్‌కి పనులు వరసగా చెప్పే చిన్న ప్రోగ్రాంతో, తెరిచి ప్రింట్ తీసుకోవచ్చని మీ కంప్యూటర్ పేజీలో రాశారు కదా, అది చదివి వెంటనే చేసిన వాళ్లలో నేనొకణ్ని. మాది పర్లాకిమిడి, చిన్న జిరాక్స్ షాపు. ఇక్కడి ఒరియా దరఖాస్తులు, పాతపట్నం నుంచి వచ్చేవాళ్ల తెలుగు కాగితాలు, రెండూ మా దగ్గరే.

వర్డ్ కనపడకుండా విజిబుల్ ఫాల్స్ పెట్టమన్నారు, పెట్టాను. ఏడో ఫైలు దగ్గర ఆగింది. కాగితం ఉంది, టోనర్ ఉంది, కదలదు. పావుగంట వైర్లు పీకి పెట్టి, చివరికి ట్రూ అని మార్చి మళ్లీ నడిపితే తెలిసింది: మార్జిన్లు ప్రింటయ్యే చోటు దాటాయి, అయినా కొట్టమంటారా అని వర్డ్ అడుగుతోంది పాపం, నాకు కనపడితే కదా జవాబు చెప్పడానికి! ఇంకోటి, ప్రింటవుట్‌కి బ్యాక్‌గ్రౌండ్ ఫాల్స్ అని, అంటే ప్రింటయ్యేదాకా ఆగమని, చెప్పకపోతే ప్రింటింగ్ అవకముందే స్క్రిప్టు వర్డ్‌ని మూసెయ్యబోతుంది. అదీ మీరు రాయలేదు.

అసలు దెబ్బ ఫాంట్ల దగ్గర. పాతపట్నం పెద్దాయన ఒకరు అను అనే పాతరకం (యూనికోడ్ కాని) తెలుగు ఫాంటులో కొట్టించిన దరఖాస్తు పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు, నా సిస్టంలో అను లేదు. చేత్తో తెరిచి ఉంటే తెర మీదే పట్టుకునేవాణ్ని. స్క్రిప్టు చూడదుగా, మూడు కాపీలు కొట్టేసింది, పేజీ నిండా ఇంగ్లిష్ అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, టోపీలు. ఆయన కళ్లజోడు సర్దుకుని "ఇదేటి బాబూ, ఒరియా కూడా కాదు" అన్నారు. ఒరియాలో అకృతి అనే అలాంటి ఫాంటుతో కొట్టినవాటిదీ ఇదే గతి. నిర్మలా యూఐ లాంటి యూనికోడ్ (అన్ని సిస్టంలకీ ఒకే అక్షరాల కోడ్) ఫాంట్లు విండోస్‌తోనే వస్తాయి కనక వాటితో ఈ గొడవ లేదు.

ఇప్పుడు టైపు చేయించిన చోటే పీడీఎఫ్ చేయించుకు రమ్మంటున్నాను, మామూలుగా ఫాంటు అందులోనే కలిసి వస్తుంది. వాటికి విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో స్టార్ట్ ప్రాసెస్, వెర్బ్ ప్రింట్ అని ఒక్క లైను చాలు, కాకపోతే నా దగ్గర రీడర్ కిటికీ తెరుచుకునే ఉండిపోతోంది, దాన్ని నేనే మూసుకుంటున్నాను. స్క్రిప్టు మాత్రం మానలేదండీ, సాయంత్రం జనం మీద పడే వేళ అది లేకపోతే పని కాదు.

ఈసారి ఇలాంటివి వేసేటప్పుడు ముందు విజిబుల్ ట్రూ పెట్టి, రెండు ఫైళ్లతో చూసుకోమని ఓ ముక్క రాయండి. రిమ్ములు కొనుక్కునేది మేమే.

ఒక జిరాక్స్ షాపాయన,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా