కోర్సు ఫీజు ఒక్కటే కడితే సరిపోదు

సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలోని 13 నుంచి 19 ఏళ్ల పిల్లలకు ఫిల్మ్‌మేకింగ్ కోర్సుల్లో స్కాలర్‌షిప్‌లు ఇవ్వండి.

"ఇప్పుడు ఫోన్‌తోనే సినిమా తీయొచ్చు కదా!" అని మీ అధికారులు అనొచ్చు. బొమ్మ వరకు నిజమే. మాట మాత్రం సరిగ్గా వినపడదు, దానికి నటుడి దగ్గర పెట్టే మైకు వేరే కావాలి. సెకనుకు 24 ఫ్రేములు తీయడం ఫోన్‌కు తెలుసు. ఏ ఫ్రేము దగ్గర కత్తిరించాలో నేర్పడానికి పక్కన గురువు ఉండాలి. డావిన్చీ రిజాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, దాన్ని నడిపే కంప్యూటర్ ఎవరిస్తారు? సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన రికార్డు చేస్తే గంట ఫుటేజీకే 45 గిగాబైట్లు. హార్డ్‌డిస్క్ కూడా ఖర్చే.

అందుకే ఫీజుతో పాటు ప్రయాణ ఖర్చులు, పరికరాల అద్దె కూడా లెక్కలో వేయండి. డబ్బు ముందే నేరుగా శిక్షణ సంస్థకు చేరాలి. "ముందు మీరు కట్టండి, తర్వాత ఇస్తాం" అంటే మా పిల్లలు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతారు. కొందరు సాయంత్రాలు పనికి వెళ్లి ఇల్లు నడుపుతున్నారు, వాళ్లకు నెలనెలా భృతి కావాలి.

ఇంకో మాట. ఎంపికకు షోరీల్, అంటే ఇదివరకు తీసిన వీడియోల నమూనా, అడగొద్దు. కెమెరా ఉన్నవాళ్ల దగ్గరే అది ఉంటుంది. ఒక పేజీ కథ, దరఖాస్తు చేసిన పిల్లలతో పది నిమిషాల మాట చాలు. అందరూ డైరెక్టర్లే కానక్కర్లేదు, సౌండు, లైటింగ్, కంటిన్యుటీ (ఒక షాటుకూ తర్వాతి షాటుకూ బట్టలు, వస్తువుల్లో తేడా రాకుండా చూసే పని) నేర్చుకునేవాళ్లకూ సీట్లు ఉంచండి.

దరఖాస్తు ఫారం సిద్ధం చేసే ముందు ఒక్కసారి మా పిల్లలతో కూర్చుంటారా?

ఇట్లు,
ఒక తల్లి