శనివారం కౌన్సెలింగ్ కూటం (డల్లాస్)

అందరికీ వందనాలు. ఈసారి మన మధ్య ఉన్న రంగు, కుల వివక్ష గురించి మాట్లాడుకుందాం; దానికోసం అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూద్దాం. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగినప్పుడు, "అలాంటిదేం లేదులెండి" అని అపొస్తలులు కొట్టిపారేయలేదు. ఏడుగురికి ఆ పని అప్పగించారు. స్తెఫను, ఫిలిప్పు, నీకానోరు... ఏడూ గ్రీకు పేర్లే! గాయపడ్డవాళ్ల మాట వినడంతో ఆగలేదు, బాధ్యత కూడా ఇచ్చారు.

మన భోజనాల దగ్గర "నల్లోళ్ల ఏరియాలో ఇల్లు కొనకండి" అనే సలహా పిల్లలు వింటూనే ఉన్నారు. పెళ్లి సంబంధాల్లో రంగు, కులం సంగతి సరేసరి. అలా అన్నవాళ్లతో ముందు ఒంటరిగా మాట్లాడాలి (మత్తయి 18:15). మరి యూదులు కానివాళ్లతో కలిసి తినడం మానేసినందుకు అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందే నిలదీశాడుగా (గలతీ 2:11-14) అంటారా? అక్కడ తప్పు చేసింది సంఘపెద్ద, అదీ అందరూ చూస్తుండగా.

టీనేజ్ పిల్లల్ని కూడా తీసుకురండి. డిన్నర్ అక్కడే.